బ్రతికిన కాలేజీలో పురుళ్ళు

మద్రాసు పోయి వచ్చిన తెలుగువారిని, అక్కడ ఏమేమి చూచితిరని ఒకప్పుడు అడిగినచో, వారు తప్పక చెప్పు మాటలు రెండుండెడివి: చచ్చిన కాలేజీ, బ్రతికిన కాలేజీ. ఎగ్మూరులోని మ్యూజియము చచ్చిన కాలేజీ. సెంట్రలు స్టేషను ప్రక్కనుండిన జంతుప్రదర్శనశాల బ్రతికిన కాలేజీ. మొదటిదానిలోని పులి కడుపులో గడ్డి యుండును. రెండవదానిలోని పులి గాండ్రించును. రెండును చూచినగాని మద్రాసు యాత్ర పూర్తియైనట్లు కాదు. తమిళులును తమ భాషలో ఈ రెంటికి ఇవే పేర్లు పెట్టుకొనిరి.

వీనికి కాలేజీ అను పేరు ఏల వచ్చినదని నేటివారికి తోపవచ్చును. మద్రాసు ప్రభుత్వ మ్యూజియము 1851లో పుట్టినది నిజముగా కాలేజీ భవనములోనే. కుంపిణీ దొరలకు దేశభాషలు నేర్పుటకై నెలకొల్పిన సెయింట్ జార్జి కోట కాలేజీ అది. 1817లో మద్రాసునకు వచ్చిన బ్రౌను దొర తెలుగు అక్షరములు దిద్దినదియు ఆ కాలేజీలోనే. 1854లో మ్యూజియము అచటినుండి ఎగ్మూరులోని పాంథియను తోటకు తరలిపోయెను.

ఆ మ్యూజియము తొలి అధికారి ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు. రాళ్ళను, గవ్వలను, ఎముకలను చూడవచ్చు జనముకంటె, ఆవరణములో కట్టియుంచిన ప్రాణముగల చిరుతను, పులిని చూడవచ్చు జనము మెండుగా నుండుట ఆయన కనిపెట్టెను. చచ్చిన వస్తువులకు జనమును రప్పింపవలెనన్న బ్రతికిన జంతువు కావలెనని గ్రహించి, కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన పెంచుకొనుచున్న మృగములనన్నిటిని మ్యూజియమునకు ఇప్పించెను. అట్లు 1855లో ఆ జంతుశాల మొదలైనది. ఏడాది తిరుగునప్పటికి మృగములు, పక్షులు, సరీసృపములు కలిసి మున్నూటయరువదికి పైగా చేరినవి. మ్యూజియము ఆవరణము చాలకపోవుటచే 1863లో పట్టణ కార్పొరేషనువారు వానిని పీపుల్సు పార్కునకు మార్చిరి. 116 ఎకరముల ఆ తోటను గవర్నరు ట్రెవెల్యను సంకల్పించెను.

కృష్ణామండల వాసులకు అంతకుపూర్వము మద్రాసు ప్రయాణమనగా కాలువలో పడవమీద దినముల తరబడి సాగునట్టిది. 1893లో కృష్ణమీద రైలు వంతెన లేచినది. 1899లో బెజవాడకును మద్రాసునకును నడుమ రైలుమార్గము పూర్తియైనది. రాత్రి బెజవాడలో బండియెక్కినవాడు ఉదయము సెంట్రలులో దిగునట్లయ్యెను. దిగి వెలుపలికి వచ్చిన మరి రెండడుగులలో మూరుమార్కెట్టు, దాని వెనుకనే బ్రతికిన కాలేజీ! కోర్టుపని మీద వచ్చిన గవర్నరుపేట ప్లీడరైనను, పరీక్షకు వచ్చిన విద్యార్థియైనను, కంటివైద్యమునకు వచ్చిన పల్లెటూరి ముసలమ్మయైనను, మరలిపోవు బండికి వేళ మిగిలియున్నచో అక్కడికి పోకుండెడివారు కారు. ఏనుగును గుడి ఉత్సవములో చూచియుండిరి. కోతిని ఇంటికప్పుమీదనే చూచియుండిరి. కొండపల్లి బొమ్మలలో అంబారీ యేనుగు, తెల్లపొణికి కొయ్యతో చేసిన జింక ప్రతి యింట కొలువులో నుండెడివి. సింహమును మాత్రము వారిలో చాలమంది కన్నులార చూచినది అక్కడనే.

ఇందులో నొక చిత్రమున్నది. తెలుగువాడు మద్రాసులో చచ్చిన కాలేజీకి పోయి చూచిన చలువరాళ్ళలో అనేకము తన కృష్ణాతీరము నుండి పోయినవే. అమరావతి స్తూపపు శిల్పములను 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి మద్రాసునకు పంపెను. వానిలో కొన్ని 1859 నాటికి లండను చేరినవి. మద్రాసులో నిలిచిన శిల్పములలో ఒకానొక పలకమీద, మదించి వీథిలో పరుగెత్తిన నాళాగిరి యను ఏనుగు బుద్ధుని యెదుట మోకరిల్లుచున్నది. మేడలమీదినుండి స్త్రీపురుషులు భయముతోను వింతతోను తొంగిచూచుచున్నారు. మృగమును చూచు మనుష్యుల ముఖములను మన పూర్వ శిల్పులు సుమారు పదునెనిమిది వందల యేండ్లక్రిందటనే చెక్కిరి. ఆ ముఖములలోని భయమును వింతయు నేడు బోను ముందు నిలుచు పిల్లవాని ముఖములోను కానవచ్చును.

జంతుశాలకు పోయినవారిని అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించునది ఏది? పెద్దపులి కాదు, ఏనుగు కాదు. క్రొత్తగా పుట్టిన పిల్ల. ‘పులి ఈనినదట’ యను వార్త పత్రికలో పడినచో, మరునాడు టిక్కెట్టు కిటికీయొద్ద జనము బారులు తీరుదురు. దీనికి కారణము వెదుకనక్కరలేదు. ఇంటిలో ఉయ్యాల కట్టిన సంతోషము మనకు తెలియును. అదే సంతోషము బోనులో కానవచ్చినప్పుడు, మృగమునకును మనకును నడుమనున్న గోడ ఒక్క నిమిషము కూలినట్లగును. కాని ఆ పుట్టుకకు వెనుకనున్న చరిత్ర చూపరులలో చాలమందికి తెలియదు. అది గర్వమును, దుఃఖమును కలిసియున్న చరిత్ర.

మన దేశములో ఈడేరిన మృగముల పురుళ్ళను గూర్చి రాజులు ఆలోచించుట క్రొత్త కాదు. అశోకచక్రవర్తి పట్టాభిషిక్తుడైన 26వ యేట వ్రాయించిన అయిదవ స్తంభశాసనములో, చంపరాని ప్రాణుల పట్టిక యొకటి కలదు. చూడితోనున్నట్టియు, పాలిచ్చుచున్నట్టియు మేకలను, గొఱ్ఱెలను, పందులను, ఆరునెలలు నిండని వాని పిల్లలను చంపరాదని అందులో ఆయన విధించెను. తల్లిని, పసిపిల్లను విడువవలెనను ధర్మము శాసనముగా రాతికెక్కుట లోకచరిత్రలో మిక్కిలి అరుదు.

మొగలు చక్రవర్తులలో జహంగీరు దీనికి భిన్నమైన దృష్టి గలవాడు. ఆయన వేటకాడు, అయినను తన యొద్దనున్న జంతువులను శాస్త్రజ్ఞునివలె పరిశీలించి తన చరిత్రలో వ్రాసికొనెను. లైలా మజ్నూ లని పేరిడిన సారసపక్షుల జంట గ్రుడ్లు పెట్టినప్పుడు, రాత్రియంతయు ఆడుపక్షి పొదుగుట, మగపక్షి ప్రక్కన కాపుండుట, తెల్లవారగనే అది వచ్చి ముక్కుతో ఆడుపక్షి వీపును గోకి లేపి తాను పొదుగ కూర్చుండుట, ఇవన్నియు ఆయన కన్నులార చూచి వ్రాసినవి. తండ్రి అక్బరు వేయింటివరకు చీతాలను, అనగా మన పెద్దలు సివంగులని చెప్పెడి వేటచిరుతలను, కూర్చెను. అవి చెరలో పిల్లలు పెట్టవలెనని ఎంతయో కోరెను. కాని అక్బరునకు ఆ కోరిక తీరలేదు. జహంగీరు కాలములో ఒక మగచీతా మెడపట్టె తప్పించుకొని ఆడచీతాను కలిసికొనెను. దానికి మూడు పిల్లలు పుట్టి పెరిగెను. ఆ తరువాత చెరలో చీతా పిల్లలు పుట్టినట్లు వ్రాత కనబడుట 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో! నడుమ గడచిన కాలము మూడున్నర శతాబ్దములకు ఇంచుక తక్కువ.

ఈ కథలో నీతి యున్నది. వేయి చీతాలుండినను, బంగారు గొలుసులు వేసినను, వేళకు మాంసము పెట్టినను, పిల్లలు పుట్టలేదు. కట్టు తప్పించుకొని తనకు నచ్చిన జోడును కలిసికొన్ననాడు పుట్టినవి. ఆహారమొక్కటే జీవితము కాదని ఆ మృగము మనకు చెప్పినది. చక్రవర్తి దానిని వ్రాసికొనెను. కాని దానిని పాఠముగా నేర్చుకొనుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

పందొమ్మిదవ శతాబ్దములో జంతుశాలలు బయలుదేరిన తరువాత పురుడు గౌరవచిహ్నమైనది. 1872 నవంబరు 5వ తేదీన లండను జంతుశాలలో పుట్టిన నీటిగుఱ్ఱపు పిల్లకు, ఆనాటి పండుగనుబట్టి గై ఫాక్సు అని పురుషుని పేరు పెట్టిరి. తరువాత చూడగా అది ఆడుపిల్ల! అంతకుముందు అదే తల్లికి పుట్టిన పిల్లలు దక్కలేదు గనుక, ఈ పిల్ల దక్కుట ఆ నగరమునకు గొప్ప వేడుకయైనది.

మన దేశపు గౌరవము కలకత్తాలోని ఆలీపూరు జంతుశాలకు దక్కినది. ఆ శాల 1876లో తెరువబడెను. రామబ్రహ్మ సన్యాల్ అను బంగాళీయుడు చిన్న ఉద్యోగములో ప్రవేశించి దానికి అధికారి యయ్యెను. చెరలోని మృగముల పోషణమును గూర్చి 1892లో ఆయన ప్రకటించిన గ్రంథము ఆ శాస్త్రములో తొలి గ్రంథములలో ఒకటి. విదేశీయులును దానిని మెచ్చుకొనిరి. ఆయన కనుసన్నలలో 1889 జనవరి 30వ తేదీన సుమత్రా ఖడ్గమృగము పిల్లను పెట్టెను. చెరలో ఆ జాతికి మరల పిల్ల పుట్టి దక్కుటకు 112 ఏండ్లు పట్టెను. ఆ రెండవది 2001 సెప్టెంబరులో అమెరికాలోని సిన్సినాటిలో జరిగినది. యంత్రములు, మందులు, రక్తపరీక్షలు లేని కాలమున కలకత్తాలో ఒక భారతీయుని శ్రద్ధవలన జరిగిన పని ఎంత గొప్పదియో దీనివలన తెలియుచున్నది.

మృగము చెరలో ఈనుట ఇంత కష్టమేల? మన యిండ్లలోని ఆచారమే దీనికి జవాబు చెప్పును. ఆడుపిల్లను పురిటికి పుట్టింటికి తెచ్చుకొందుము. పురిటిగదిలో వెలుతురు తక్కువ, సందడి తక్కువ. పదునొకండు దినములు పరాయివారిని రానీయము. మృగమునకును అంతే. అడవిలో పులి ఈనదలచినప్పుడు గుహలోనో, దట్టమైన పొదలోనో దాగికొనును. గర్భము సుమారు నూటయైదు దినములు. పుట్టిన కూన కిలో బరువుండును. కన్నులు తెరువబడి యుండవు. ఎవరైనను ఆ చోటును కనిపెట్టినట్లు అనుమానము కలిగినచో తల్లి కూనలను నోట కరచుకొని వేరొకచోటికి మార్చును. బోనులో మార్చుటకు వేరొక చోటేది? ముందు వేయిమంది జనము. కేకలు, ఈలలు, రాళ్ళు. తల్లి కలతపడి కూనలను కరచుకొని అటునిటు తిరుగును, పాలివ్వదు, ఒక్కొక్కప్పుడు తానే చంపివేయును. ‘పులి తన పిల్లలను తానే తినును’ అని చూపరులు అసహ్యించుకొందురు. దానికి ఆ బుద్ధి పుట్టించినది పెక్కుసారులు చూపరుల సందడియే.

ఈ సంగతి తెలిసిన పిమ్మట జంతుశాలలవారు పురిటిగదులు కట్టిరి. నెలలు నిండిన ఆడుమృగమును జనము కంటబడనీయక వెనుకగదిలోనుంచి, చీకటి మూలను గడ్డి పరచి, తనకు చిరపరిచితుడైన ఒక్క కాపరిని మాత్రమే దగ్గరకు పోనిత్తురు. మేత మానుట, అటునిటు తిరుగుట, చనుకట్టు పెరుగుట మొదలైన గుర్తులను ముందుగా కనిపెట్టువాడు వైద్యుడు కాడు, ఆ కాపరి. జిరాఫీ పదునైదు నెలలు మోసి నిలుచుండియే యీనును; ఆరడుగుల ఎత్తునుండి పడిన పిల్ల గంటలో లేచి నిలుచును. ఏనుగు ఇంచుమించు ఇరువదిరెండు నెలలు మోయును. ఈ లెక్కలన్నియు కాపరి నోట నుండును. నేడు గదిలో కెమెరా అమర్చి దూరమునుండి చూచుచున్నారు. అయినను కాపరి అడుగుల చప్పుడునకు తల్లి చెవులు నిక్కించు తీరే వారికి తొలి సాక్ష్యము.

మద్రాసు బ్రతికిన కాలేజీ చరిత్రలో ఒక నల్లని పుట యున్నది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిరి. తీరమంతయు గగ్గోలెత్తెను. మద్రాసులో జనము సామానులు మూటగట్టి రైళ్ళు పట్టి లోనాడులకు పోయిరి. బాంబుపడి బోనులు పగిలినచో క్రూరమృగములు వీథులలో పడునను భయముతో, ఆ నెలలోనే పోలీసు తుపాకులచే సింహములను, పులులను, చిరుతలను, ఎలుగుబంట్లను కాల్పించిరి. మరుసటి యేడు, 1943లో, టోకియోలోని ఉయెనో జంతుశాలలోను ఇదే భయముచే మృగములను చంపిరి. అందు ఏనుగులు కూడ కలవు. యుద్ధము చేసినవారు మనుష్యులు. శిక్షపడినది బోనులోని మృగములకు. యుద్ధము ముగిసిన తరువాత టోకియో పిల్లలు ఒక ఏనుగును పంపుడని మన ప్రధాని నెహ్రూకు వ్రాసిరి. 1949లో ఆయన తన కుమార్తె పేరు పెట్టి ఇందిర అను ఏనుగును పంపెను. ఏనుగు రాకతో ఆ పిల్లలకు యుద్ధము నిజముగా ముగిసినదని చెప్పవచ్చును.

1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడి, 1956లో హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప, కృష్ణాతీరవాసుల ప్రయాణముల దిక్కు మారినది. హైదరాబాదులో బాగే ఆం అను తోటలో చిన్న జంతుశాల యొకటి మునుపే కలదు. దానిని విశాలముగా పెంచవలెనని తలచి, మీరాలం చెరువుగట్టున సుమారు 380 ఎకరములలో 1959లో పని ప్రారంభించి, 1963 అక్టోబరు 6వ తేదీన నెహ్రూ జంతుప్రదర్శనశాలను ప్రజలకు తెరచిరి. ఇనుపకటకటాల బదులు కందకములు త్రవ్వి, అవతల మృగము, ఇవతల మనిషి స్వేచ్ఛగా నిలిచినట్లు ఏర్పాటు చేసిరి. ఈ పద్ధతిని 1907లో జర్మనీలోని హాంబర్గులో కార్లు హాగెన్‌బెక్ అనునాయన ప్రచారమునకు తెచ్చియుండెను. 1974లో సింహముల నడుమ బండిలో పోయి చూచు ఏర్పాటును దేశములో మొదట చేసినది ఈ శాలయే.

తరువాత 1977 మే 19వ తేదీన విశాఖపట్టణములో, కంబాలకొండ అడవి నడుమ 625 ఎకరములలో ఇందిరాగాంధీ జంతుశాల, 1987లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర జంతుశాల తెరువబడినవి. తిరుపతి శాల అయిదువేల అయిదువందల ఎకరములకు మించినది. ఇక మద్రాసు బ్రతికిన కాలేజీ 1985లో సెంట్రలు ప్రక్కనుండి వండలూరు అడవికి తరలిపోయెను; మూరుమార్కెట్టు కాలిపోయినదియు ఆ యేడే. మామిడిపండ్ల కాలములో సెలవులు వచ్చినప్పుడు విజయవాడ పిల్లలు ఇప్పుడు హైదరాబాదునకో, విశాఖకో, శ్రీవారి దర్శనముతో కలిపి తిరుపతికో పోయి మృగములను చూచి వచ్చుచున్నారు.

కొత్త శాలలలో చోటు పెరిగినది, ఆహారము కుదిరినది, వైద్యము కుదిరినది. పురుళ్ళును పెరిగినవి. అంతట ఒక క్రొత్త చిక్కు పుట్టినది. పుట్టుట కష్టమైన కాలము పోయి, ఎక్కువగా పుట్టుట చిక్కైన కాలము వచ్చినది.

తెల్లపులి కథ చూడుడు. 1951లో రీవా మహారాజు అడవిలో ఒక తెల్లపులి కూనను పట్టించి మోహన్ అని పేరుపెట్టి పెంచెను. దానికిని, దాని కూతురైన రాధకును 1958 అక్టోబరు 30వ తేదీన తెల్లని కూనలు పుట్టెను. లోకమంతయు మెచ్చెను. రాజులు, అధ్యక్షులు, జంతుశాలలు ఆ కూనలకై పోటీపడిరి. చూపరులకు అది తెల్లని వింత. కాని తండ్రికి కూతురు, అన్నకు చెల్లెలు జోడుగుట తరతరములు సాగినచో ఫలితమేమి? మెల్లకన్ను, వంకరకాళ్ళు, దక్కని కూనలు. తెల్లదనము ప్రత్యేక జాతి కాదు. అది అరుదుగా కలియు ఒక లక్షణము మాత్రమే. జనము కోరినది రంగు. ఆ రంగుకు వెల చెల్లించినది మాత్రము మృగము. నందనకాననములో 1980లో మామూలురంగు తల్లిదండ్రులకే తెల్లకూనలు పుట్టుట మరల దేశమంతట వింతయైనది. ఆ వింత వెనుక వంశము పలుచనగుటను చూడగలవారు కొద్దిమందియే.

సింహముల కథయు అట్టిదే. మన గీరు సింహము వేరు, ఆఫ్రికా సింహము వేరు. సర్కసులలోను, కొన్ని జంతుశాలలలోను రెంటిని కలిపి పెంచిరి. పంజాబులోని ఛత్‌బీరు జంతుశాలలో ఆ సంకరసింహములు డెబ్బది, ఎనుబదివరకు పెరిగెను. వానిని అడవిలో విడువరాదు, జాతి కలుషితమగును; పెంచుటకు చోటు లేదు. చివరకు 2000లో వానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. సర్కసులలో సింహము, పులి, చిరుత, ఎలుగు, కోతులను ఆడింపరాదని 1998లో ప్రభుత్వము ఉత్తరువు చేయగా, 2001లో సుప్రీముకోర్టు దానిని నిలిపెను. అట్లు డేరాలనుండి విడుదలైన ముసలి సింహములకు విశాఖపట్టణములోను, తిరుపతిలోను ఆశ్రయ కేంద్రములు ఏర్పడినవి. విజయవాడ మైదానములో సర్కసు దీపముల క్రింద ఒకనాడు చప్పట్లు అందుకొన్నట్టి జాతివే ఆ సింహములు. అక్కడ వానిని పోషించిరి, కాపాడిరి. కాని సంతతి కలుగనీయలేదు. కొన్ని వంశములను గౌరవముగా ముగింపనిచ్చుటయు దయయే.

ఈ చిక్కుల మూలముననే 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి, 1992లో కేంద్ర జంతుశాలా ప్రాధికార సంస్థను స్థాపించిరి. ఏ మృగమునకు ఏది జోడు, ఎన్ని పిల్లలు చాలు, రక్తసంబంధము ఎంత దూరమున్నది అను విషయములను వంశవృక్షములు వ్రాసి నిర్ణయించుట అప్పటినుండి పద్ధతియైనది. మన పెండ్లిండ్లలో గోత్రములు చూచుకొనునట్లు వారును మృగముల గోత్రములు చూచుచున్నారన్నచో నవ్వరాదు, అర్థము అదియే.

ఇప్పుడు జంతుశాలకు కీర్తి తెచ్చు పుట్టుక వేరైనది. హైదరాబాదు జంతుశాలకు దగ్గరనున్న లాకోన్సు అను ప్రయోగశాల కనుమరుగగుచున్న జాతులకొరకు ఏర్పడినది. 2007 ఫిబ్రవరిలో రాష్ట్రపతి అబ్దుల్ కలాము దానిని ప్రారంభించెను. ఆ శాస్త్రజ్ఞుల కృషిచే 2006లోనే కృత్రిమ గర్భధారణవలన ఒక దుప్పిపిల్ల, 2007లో ఒక కృష్ణజింకపిల్ల పుట్టినవి. దుప్పిపిల్లకు స్పాటీ అనియు, జింకపిల్లకు బ్లాకీ అనియు పేర్లు పెట్టిరి. ఇంతకంటె నాకు గొప్పదిగా తోచునది మూషికజింక కథ. అది కుందేలంత జంతువు; కొమ్ములు లేవు; రాత్రులందు సంచరించును; జనమున కెన్నడును వింత కాలేదు. 2010 నుండి నెహ్రూ జంతుశాలలో దానిని పెంచి, పిల్లలను పెట్టించి, 2017లో నల్లమల అడవులలోని అమ్రాబాదు ప్రాంతమున కొన్నిటిని విడిచిరి. పత్రికలలో దానికై బారులు తీరిన జనము లేరు. అయినను చెరలో పుట్టినది అడవికి పోయినది. జంతుశాల ఉనికికి ఇంతకుమించిన సమాధానము లేదు.

ఇక చూపరుల మాట. మృగములను చూచుటకు వచ్చిన మనిషి తానెట్లు కనబడుచున్నాడో చూచుకొనుట అరుదు. నిద్రించుచున్న పులిమీద గులకరాళ్ళు విసరుట, కోతికి వేరుశనగలతోపాటు కాగితము కూడ ఇచ్చుట, ఏనుగు తొండమునకు నాణెములిచ్చుట, ఇవన్నియు ఒకప్పుడు వినోదములు. ప్లాస్టిక్ సంచి మ్రింగిన జింక కడుపు ఉబ్బి చచ్చును. జంతువును వేధించుట, గాయపరచుట, మేపుట, చప్పుడుచేసి బెదరించుట, ఆవరణములో చెత్త వేయుట నేరములని చట్టమే చెప్పుచున్నది. చట్టము చెప్పినను గోడ దూకువారు కలరు. 2024 ఫిబ్రవరి 15వ తేదీన తిరుపతి శాలలో ఒక సందర్శకుడు సింహముండు ఆవరణములోనికి దిగి దానిచే మరణించెను. సింహము తన స్వభావమును తప్పలేదు.

మనిషివలన మృగమునకు కలిగిన కీడులును తక్కువ కావు. 2000 అక్టోబరులో హైదరాబాదు శాలలో దుండగులు రాత్రివేళ ఒక ఆడుపులిని దాని గదిలోనే చంపి చర్మమొలిచిరి. 2021 మే మొదట అదే శాలలో ఎనిమిది సింహములకు కరోనా సోకినట్లు తేలినది. మన దేశములో జంతువులకు ఆ వ్యాధి సోకినట్లు తేలుట అదే మొదలు. శాల ద్వారములు మూసి, వైద్యులు కాపాడగా అవి కోలుకొనెను. గోడకు ఇవతలి మనిషి ఊపిరి అవతలి మృగమునకు ప్రాణాపాయము కాగలదని అప్పుడు అందరికి తెలిసివచ్చినది.

పుట్టుక యొక్కటే చాలదని చెప్పుటకు కడపటి ఉదాహరణము చీతాయే. స్వతంత్ర భారతమున 1952లో ఆ జాతి అంతరించినట్లు ప్రకటించిరి. 2022 సెప్టెంబరులో ఆఫ్రికానుండి కొన్నిటిని తెచ్చి మధ్యప్రదేశములోని కూనో అడవిలో విడిచిరి. 2023 మార్చిలో నాలుగు కూనలు పుట్టగా దేశము పండుగ చేసికొనెను. మే మాసపు ఎండలకు వానిలో మూడు మరణించెను. అక్బరు చక్రవర్తి వేయి చీతాలతో తీరని కోరికయే నేడును మనకు పూర్తిగా తీరలేదు. ఈనుట ప్రకృతి పని. ఈనిన బిడ్డకు చోటు, చల్లదనము, అడవి, భద్రత సమకూర్చుట మనుష్యుల పని. మొదటిది ఒక దినములో జరుగును. రెండవదానికి తరములు పట్టును.

కావున శ్రోతలలో తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను జంతుశాలకు తీసికొని పోవుడు, తప్పక పోవుడు. కాని సింహము గర్జించునా, పులి లేచి తిరుగునా అని అడుగుటకు బదులు, ఈ మృగమునకు నీడ యున్నదా, దాగుకొనుటకు మరుగున్నదా, దీని జాతి అడవిలో ఇంకను మిగిలియున్నదా అని అడుగుట నేర్పుడు. పురిటిగది ముందు ‘ప్రవేశము లేదు’ అని పలక కనబడినచో, మనము చూడలేకపోతిమని చిన్నబుచ్చుకొనక, లోపల ఒక తల్లి నెమ్మదిగా పాలిచ్చుచున్నదని సంతోషింపుడు. చూడకుండుటయు కొన్నివేళల చూపరుల ధర్మమే. ముసలమ్మలు ఎరుగక పెట్టినను, బ్రతికిన కాలేజీ అను పేరు అప్పుడు సార్థకమగును. అక్కడ పాఠము చెప్పునది మృగము; నేర్చుకొనవలసినవారము మనము.